మన వాళ్ళు

మా బడిలో నోబెల్ బహుమతి గ్రహీతలెవరూ చదవలేదు. ఈ ఒక్క ముక్క జూబిలీ కమిటీ వాళ్ళకి ఫోన్లో మూడుసార్లు చెప్పాల్సొచ్చింది. మూడోసారికి అవతలాయన కొంచెం నొచ్చుకున్నాడు కూడా. “ఫాదర్ గారు చేత్తో రాసిన కాయితమే ఉందన్నా ఫైల్లో. నువ్వెట్టా కాదంటావ్?” అన్నాడు.

కాయితం ఉన్న మాట నిజం. రాసింది ఫాదర్ గారే, అదీ నిజం. కాకపోతే ఆ కాయితం ఎట్టా పుట్టిందో తెలిసినవాళ్ళం ఇప్పుడు నలుగురైదుగురం మిగిలాం.

నాకు నెల్లూరులో చిన్న డీటీపీ సెంటరుంది. పెళ్ళి పత్రికలు, బిల్లు పుస్తకాలు, ఓణీల ఫంక్షన్ కార్డులు, ఎన్నికలొస్తే కరపత్రాలు. పాత విద్యార్థిని గదా, తక్కువకి చేస్తానని జూబిలీ సంచిక పని నాకిచ్చారు. తక్కువకే చేశాన్లెండి. నూట పన్నెండు పేజీలు, అంటే పదహారు పేజీల ఫారాలు ఏడు. తొమ్మిదో పేజీ ‘మన బడి గర్వించే పూర్వ విద్యార్థులు’. మొదటి బొమ్మ తలపాగాతో సర్ సి.వి. రామన్. రెండోది అబ్దుల్ కలామ్. మూడోది బ్యాటు పట్టుకున్న అజారుద్దీన్. నాలుగో నంబరు నుంచి మొదలయ్యారు మా వాళ్ళు: పెద్ద ఉద్యోగంలో ఉన్న ఒక ఆఫీసరు, ఒక రిటైర్డు తాసీల్దారు, ఇద్దరు డాక్టర్లు, టెక్సాస్‌లో ఇల్లు కట్టుకున్న ఒకాయన, షార్‌లో ‘శాస్త్రవేత్త’ ఒకాయన. ఆ చివరాయన శ్రీహరికోటలో కరెంటు పని చూసేవాడు. ‘రాకెట్ మాత్రం కరెంటు లేకుండా లేస్తుందా?’ అని వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టారు. దానికి ఎవరూ జవాబు చెప్పలేదు గనక ఆయన శాస్త్రవేత్తగానే ఉండిపోయాడు.

ప్రూఫు చదువుతూ మొదటి మూడు బొమ్మల దగ్గరే ఆగిపోయాను. నవ్వొచ్చింది. తర్వాత బడి వరండా గుర్తుకొచ్చింది.

మా ఊరు ఉలవపాడు పక్కన. మామిడి తోటలు, తూర్పుకి పోతే సరుగుడు తోటలు, బకింగ్‌హాం కాలువ, ఆపైన సముద్రం. ఊరు ఎక్కడికీ కదల్లేదు గానీ జిల్లాలే దాని మీదుగా వస్తూ పోతూ ఉన్నాయి. మా తాత నెల్లూరు జిల్లాలో పుట్టాడు. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా పెట్టినప్పుడు మమ్మల్ని అందులో కలిపారు. 1972లో దానికి ప్రకాశం పంతులు గారి పేరొచ్చింది. 2022 ఏప్రిల్లో మళ్ళీ నెల్లూరన్నారు. ఆ తర్వాతి సంగతి నన్నడగొద్దు, ఇది మీరు చదివేలోపు ఇంకోటి అవుతుందేమో. సంచికలో బడి అడ్రసు వేయడానికే కమిటీలో అరగంట వాదన జరిగింది. కడాకి పిన్ కోడు వేసి ఊరుకున్నాం.

ఆ రోజుల్లో మా వైపు మిషను అంటే ఎక్కువగా బాప్టిస్టులే. ఒంగోలు క్లౌ దొర కథ ప్రతి ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పేవాళ్ళు. కరువు కాలంలో బకింగ్‌హాం కాలువ పని పట్టి కూలీలకి గింజలు పెట్టించాడని, 1878లో గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజులో రెండు వేల రెండు వందల ఇరవై రెండు మందికి బాప్తిస్మం ఇప్పించాడని. వాళ్ళ ముందు మా బడి నడిపే ఆర్.సి.ఎం. వాళ్ళు, అంటే రోమన్ కేథలిక్ మిషను వాళ్ళు, కొత్తగా వచ్చినట్టే లెక్క. నెల్లూరు మేత్రాసనాన్ని, అంటే బిషప్ గారి ఏలుబడిని, మద్రాసు నుంచి విడదీసిందే 1928లో. ఆ కాలం నాటి మిల్ హిల్ ఫాదర్లని మా నాయనమ్మ ‘తెల్ల సాములు’ అనేది. మా కాలానికి తెల్ల సాములు పోయి కేరళ ఫాదర్లు వచ్చారు.

బంగాళా పెంకుల కప్పు, పొడుగాటి వరండా, వరండా చివర తాడుకి వేలాడే రైలు పట్టా ముక్క. అదే గంట. మధ్యాహ్నం పన్నెండుకి దాన్ని మూడు మూడుగా కొట్టేవాళ్ళు, అది త్రికాల జపానికి. క్రైస్తవుల పిల్లలు లేచి నిలబడి జపం చెప్పేవాళ్ళు. మిగతావాళ్ళం కూడా నిలబడేవాళ్ళం, ఎందుకంటే కూర్చుంటే డ్రిల్లు మాస్టారు చూస్తాడు. అట్టా నిలబడీ నిలబడీ మరియమ్మకి చెప్పే ‘మంగళవార్త’ జపం నాకూ నోటికొచ్చేసింది. ఇంట్లో ఒకసారి అన్నం తింటూ మర్చిపోయి అన్నాను. మా నాయనమ్మ చెంబుడు నీళ్ళు పట్టుకొచ్చి నెత్తిన పోసింది. అన్నం కంచం మీద కూడా.

ఇక ఫాదర్ గారు. హెడ్మాస్టరూ ఆయనే, బోర్డింగు వార్డెనూ ఆయనే, ఇంగ్లీషు పాఠమూ ఆయనదే. తెలుగు బాగానే వచ్చు, కోపమొస్తే మాత్రం మలయాళంలోకి జారేది. ఆయనకో పిచ్చి ఉండేది. ఊళ్ళో జిల్లా పరిషత్ హైస్కూలుకి పేరున్నవాళ్ళు చాలామంది ఉన్నారని, నెల్లూరు వి.ఆర్. హైస్కూలు సంగతి చెప్పక్కర్లేదని, మా బడికి చూపించుకోడానికి ఒక్కడు లేడని ఆయనకి లోపల బాధ. బడి పుట్టి ఇరవై ముప్పై ఏళ్ళే అయితే పెద్దవాళ్ళు ఎక్కణ్ణుంచి వస్తారు? ఆ మాట ఆయనకెవరు చెప్పాలి! అందుకని అప్పు తెచ్చుకున్నాడు. ఆఫీసు గది బయట గోడకున్న నల్లబల్ల మీద చాక్‌పీసుతో ‘మన వాళ్ళు’ అని హెడ్డింగు పెట్టి, దాని కింద దేశంలో ఏ కేథలిక్ బడిలో చదివిన గొప్పవాళ్ళయినా సరే, పేర్లు రాసేవాడు.

మొదటి పేరు రామన్ గారిది. ఇది ఫాదర్ గారి కల్పన కాదు. రామన్ తండ్రి చంద్రశేఖర అయ్యర్ గారు 1892లో విశాఖపట్నం ఎ.వి.ఎన్. కాలేజీలో లెక్చరరుగా చేరారు. అప్పటికి రామన్‌కి నాలుగేళ్ళు. ఆ పిల్లాడు చదివింది విశాఖ సెయింట్ అలోషియస్ బళ్ళో, కేథలిక్ మిషను వాళ్ళ బడి. పదకొండో ఏట మెట్రిక్ పాసయ్యాడు, పదమూడో ఏట ఎఫ్.ఏ., అంటే ఇప్పటి ఇంటరు లాంటిది, అయిపోయింది. 1928 ఫిబ్రవరి 28న ఆ కాంతి చెదిరే సంగతి కనిపెట్టాడు, 1930లో నోబెల్ వచ్చింది. మన తెలుగు గడ్డ మీద, మన సముద్రం ఒడ్డునే కూచుని అక్షరాలు దిద్దుకున్నాడని ఫాదర్ గారు చెబుతుంటే నాకు రామన్ మా పెదనాన్న తరఫు చుట్టంలాగా అనిపించేవాడు.

1984 నవంబరు. ఇందిరాగాంధీ పోయి పదిరోజులో ఏమో. బడి తెరిచారు గానీ ఆటలూ పాటలూ లేవు. రామన్ పుట్టినరోజు దాటిపోయిందని ఫాదర్ గారు ఆ పొద్దున ప్రేయర్లో అరగంట ఆయన మీదే మాట్లాడారు. నేను ఆలస్యంగా వచ్చినందుకు ఆఫీసు గది బయట మోకాళ్ళ మీద ఉన్నాను. ప్రేయర్ అయ్యాక ఫాదర్ గారూ తెలుగు మాస్టారూ వరండాలో నా పక్కనే నిలబడి మాట్లాడుకున్నారు. మోకాళ్ళ మీదున్న పిల్లాడు పెద్దవాళ్ళకి కనపడడు.

తెలుగు మాస్టారు అడిగాడు: “పదకొండేళ్ళకే మెట్రిక్ గట్టెక్కిన పిల్లోడికి ఆ బడి నేర్పిందేముంటుంది ఫాదర్? వాళ్ళ నాయన లెక్చరరు, ఇంటి నిండా పుస్తకాలు. ఊరికే మన వాళ్ళు మన వాళ్ళు అంటారు.”

ఫాదర్ గారు కాసేపు గంట వైపు చూశారు. “నేర్పిందో లేదో తెలవదు మాస్టారూ. పదకొండేళ్ళ పిల్లవాడు పదహారేళ్ళవాళ్ళతో పరీక్ష రాస్తానంటే, నీకు వయసు లేదు పో అనలేదు గదా. అడ్డం పడలేదు. అది చిన్న సంగతా?”

తెలుగు మాస్టారు ఏమీ అనలేదు. పోతూ పోతూ నా నెత్తి మీద ఒకటి మొట్టి “లేచి క్లాసుకి పోరా” అన్నాడు.

ఈ తెలుగు మాస్టారు ఎర్రజెండా మనిషి. కేథలిక్ బళ్ళో కమ్యూనిస్టు ఏంటని మీకు అనుమానం రావచ్చు. ఊళ్ళో అందరికీ వచ్చింది. ఫాదర్ గారు ఆయన్ని పీకలేదు, ఎందుకంటే వ్యాకరణం అట్టా చెప్పేవాడు ఇంకొకడు దొరకడు. ఆయన వారానికొకసారన్నా ఆ నల్లబల్ల మీద పేచీ పెట్టకుండా ఉండలేదు.

ఒక పేచీ మాత్రం సోషల్ మాస్టారిది. రాధాకృష్ణన్ గారు తిరుపతిలో మిషను బళ్ళో చదివారు, ఆయన పేరూ రాయొచ్చు గదా అన్నాడు. ఫాదర్ గారు కుదరదన్నారు. అది హెర్మన్స్‌బర్గ్ లూథరన్ మిషను, కేథలిక్కుల నుంచి విడిపోయిన వాళ్ళది, మన ఖాతాలోకి రాదు అని. “మిషను మిషనే గదా ఫాదర్?” అన్నాడు సోషల్ మాస్టారు అమాయకంగా. ఆ రోజు స్టాఫ్ రూములో ఫాదర్ గారు లూథరు నుంచి మొదలుపెట్టి చెప్పిన పాఠం ఇంటర్వెల్ దాటి నాలుగో పీరియడ్ మధ్య దాకా పోయిందని, సోషల్ మాస్టారు మళ్ళీ జన్మలో ఆ పేరెత్తలేదని మాకు బంట్రోతు చెప్పాడు. ఒక రాష్ట్రపతి మాకు అట్టా పోయాడు.

కలామ్ పేరు అంతకు ముందే, నేను ఆరో క్లాసులో ఉండగా ఎక్కింది. 1980 జూలై 18న శ్రీహరికోట నుంచి ఎస్.ఎల్.వి.-3 లేచి రోహిణిని కక్ష్యలో పెట్టింది. అంతకు ముందు ఏడాది ఆగస్టులో పంపింది సముద్రంలో పడింది గనక ఈసారి రేడియోలో వార్త వినగానే ఊళ్ళో మాకు పండగలాగుంది. శ్రీహరికోట మాకు పరాయిదా! ఆ రాకెట్ పని నడిపినాయన తిరుచ్చి సెయింట్ జోసెఫ్స్ కాలేజీలో చదివాడని ఫాదర్ గారికి ఎట్టాగో తెలిసింది. చాక్‌పీసు తీసుకుని వెంటనే రాసేశారు. అప్పటికి కలామ్ ఎవరో మాలో ఒక్కరికీ తెలీదు.

ఆ రోజే తెలుగు మాస్టారు పట్టుకున్నాడు. “ఫాదర్, అది కాలేజీ. హైస్కూలు కాదు. కాలేజీలు కూడా కలుపుకుంటామంటే మా దగ్గరా ఒకాయన ఉన్నాడు. మద్రాసు లయోలా.”

“ఎవరు?”

“పుచ్చలపల్లి సుందరయ్య.”

ఇక్కడ కొంచెం ఆగాలి. కోవూరు దగ్గర అలగానిపాడులో 1913 మే 1న పుట్టిన సుందరరామిరెడ్డి, జెస్యూట్ ఫాదర్లు నడిపే మద్రాసు లయోలా కాలేజీలో చదువుతూ పదిహేడో ఏట, 1930లో చదువొదిలేసి గాంధీ గారి ఉద్యమంలోకి పోయాడు. తర్వాత పేరు చివర రెడ్డి తీసేశాడు, పార్లమెంటుకి సైకిల్ మీద పోయాడు, తెలంగాణ సాయుధ పోరాటం నడిపినవాళ్ళలో ఒకడయ్యాడు, సి.పి.ఎం.కి మొదటి ప్రధాన కార్యదర్శి అయ్యాడు. కేథలిక్ చదువు తగిలిన నెల్లూరు జిల్లా వాళ్ళలో ఆయన్ని మించిన పేరు ఇంకోటి నాకైతే తట్టదు. ఆయనేమో దేవుడు లేడన్నాడు.

ఫాదర్ గారికి ఒళ్ళు మండింది. దానికో కారణం ఉంది, మాకది తర్వాత్తర్వాత అర్థమైంది. కేరళలో నంబూద్రిపాద్ కమ్యూనిస్టు ప్రభుత్వం 1957లో విద్యా బిల్లు తెస్తే దాని మీద చర్చి, మిగతా వాళ్ళూ కలిసి 1959లో ‘విమోచన సమరం’ చేశారు. ఆ ఏడు జూలై 31న కేంద్రం ఆ ప్రభుత్వాన్ని రద్దు చేసింది. అప్పటికి ఫాదర్ గారు ఇంకా సెమినరీలో చేరని కుర్రాడు. జెండా పట్టుకుని ఊరేగింపులో నడిచాడట. అట్టాంటి మనిషి బల్ల మీద సుందరయ్య పేరు ఎట్టా రాస్తాడు? “చదువు మధ్యలో మానేసినవాడు పూర్వ విద్యార్థి ఎట్టా అవుతాడు?” అన్నారు. తెలుగు మాస్టారికి జవాబు రెడీగా ఉంది గానీ గంట కొట్టారు.

ఈ వాదన అయిదేళ్ళు నడిచింది. అయిదేళ్ళలో బల్ల మీద చేరింది ఒక్క అజారుద్దీనే. 1985 జనవరి, ఫిబ్రవరిలో వరసగా మూడు టెస్టుల్లో మూడు సెంచరీలు కొట్టాక, హైదరాబాదు ఆల్ సెయింట్స్ హైస్కూలు పిల్లాడేనని డ్రిల్లు మాస్టారు ఏదో పత్రిక పట్టుకొచ్చి చూపించాడు. పేరు మేమే రాశాం, టెన్తు వాళ్ళం. ఫాదర్ గారు దీర్ఘాలు దిద్ది వదిలేశారు.

టెన్తులో నా పక్కన కూచునేవాడు బోర్డింగు పిల్లాడు. ఫాదర్ గారు ఎత్తు ప్రకారం కూచోబెట్టేవాళ్ళు, కులమూ లేదు మార్కులూ లేవు. వాడూ నేనూ అంగుళం తేడా లేకుండా ఉండేవాళ్ళం. వాడి పేరు ఇక్కడ చెప్పను. అసలు వాడికి పేర్లు రెండు. బడి పేరు ఒక దేవుడిది, గుడి పేరు ఒక పునీతుడిది. హాజరు పిలిచేటప్పుడు దేవుడి పేరు, బోర్డింగులో అన్నానికి పిలిచేటప్పుడు పునీతుడి పేరు. రెంటికీ ఒకేలా పలికేవాడు. వాళ్ళది మాలపల్లి. వాళ్ళమ్మ మా తోటలో కాయ కోతకి వచ్చేది. ఆ సంగతి వాడెప్పుడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఎత్తకుండా ఒకే బెంచీ మీద ఏడాది కూచున్నాం. ఆల్జీబ్రా వాడు చెబితేనే నాకు తలకెక్కింది. బదులుగా నేను మా ఇంటి నుంచి మాగాయ తెచ్చేవాణ్ణి. బోర్డింగులో పొద్దున పసుపు రంగు మొక్కజొన్న రవ్వ ఉప్మా, అమెరికా పాలపొడి. దాని పక్కన మాగాయ ఎట్టా ఉంటుందో వాడి మొహం చూస్తే తెలిసేది. బడి నుంచి ఇంటికి పోతే నాయనమ్మ ముందు బావి దగ్గరికి పంపేది, బట్టలు మార్చుకుని లోపలికి రమ్మనేది. ఎందుకో నాకు తెలుసు. తెలిసే బావి దగ్గరికి పోయేవాణ్ణి.

పరీక్షలు మార్చిలో అయిపోయాయి. మే నెల, తోటలో బంగినపల్లి కోతలు. ఫీజు బాకీ ఉన్న ఇళ్ళలో మాదీ ఒకటి. మా నాన్న బాకీ సంగతి ఎత్తకుండా ఏటా ఒక గంప కాయలు ఫాదర్ గారికి పంపేవాడు. ఆ ఏడు గంప మోసింది నేను. సుందరయ్య పోయింది 1985 మే 19న, ఇది ఆ మరుసటి రోజో దాని మరుసటి రోజో. సెలవులు, బడి ఖాళీ. వరండాలోకి ఎక్కేసరికి నల్లబల్ల దగ్గర తెలుగు మాస్టారు ఉన్నాడు. గడ్డం గీసుకోలేదు. ‘మన వాళ్ళు’ కింద, అజారుద్దీన్ తర్వాత, గుండ్రటి అక్షరాలతో రాస్తున్నాడు: కామ్రేడ్ పుచ్చలపల్లి సుందరయ్య, 1913–1985.

ఫాదర్ గారు ఆఫీసు గదిలోంచి బయటికొచ్చారు. పొద్దున పూజ అయ్యాక తెల్ల అంగీ ఇంకా మార్చుకోలేదు. నాకు గంప దించాలో వద్దో తెలియలేదు. ఫాదర్ గారు ఆ పేరు చదివారు, మాస్టారి వైపు చూశారు. చెయ్యి చాపారు. తుడిచేస్తారనుకున్నాను. మాస్టారు కూడా అదే అనుకున్నట్టున్నాడు, డస్టరు అందించబోయాడు. ఫాదర్ గారు చాక్‌పీసు తీసుకున్నారు. పేరు పక్కన, మిగతావాళ్ళ పేర్ల పక్కన రాసినట్టే, ‘మద్రాసు, లయోలా’ అని రాశారు. చాక్‌పీసు చిన్నదైపోయి ‘లా’ దగ్గర గోరు బల్లకి గీసుకుని కిర్రుమంది. తర్వాత నా వైపు తిరిగి, “కాయలు పండా, దోరా?” అని అడిగారు.

“దోర ఫాదర్.”

“అయితే మాస్టారికి సగం ఇవ్వు.”

జూన్లో బడి తెరిచేలోపు వానకి ఆ బల్ల కారిపోయింది. అంతా మళ్ళీ రాసినప్పుడు సుందరయ్య పేరు లేదు. మాస్టారు అడగలేదు.

రిజల్ట్సు పేపర్లో నంబర్లు వేసేవాళ్ళు. నా నంబరు సెకండు క్లాసులో ఉంది. నా బెంచీ వాడికి అయిదొందల పైచిలుకు వచ్చాయి. ఆ రోజుల్లో మా ఊళ్ళో అది ఎవరూ వినని లెక్క. మెరిట్ బోర్డు మీద వాడి పేరు ఎక్కించడానికి బోర్డులు రాసే అతను వచ్చాడు. అతనూ మా బడి వాడే, టెన్తు తప్పి బ్రష్షు పట్టాడు. ఏ పేరు రాయాలని అడిగాడు, దేవుడిదా పునీతుడిదా అని. ఫాదర్ గారు “బడి బోర్డు గదా, బడి పేరు రాయి” అన్నారు. పసుపు ఎనామిల్‌తో రాశాడు, కింద మూలన చీమంత అక్షరాలతో తన ఆర్ట్స్ పేరు కూడా వేసుకున్నాడు. ఏ ఏడాది ఫస్టు ఎవరైనా ఆ మూలన పేరు మాత్రం మారేది కాదు.

నాయనమ్మ అడిగింది, “మీ బళ్ళో ఫస్టు ఎవరొచ్చార్రా?” అని. చెప్పాను. ఆమె కొంచెంసేపు తమలపాకు ఈనెలు తీస్తూ కూచుంది. “వాళ్ళమ్మకి రేపు నాలుగు కాయలు ఎక్కువెయ్యమను” అంది. బావి దగ్గరికి పంపడం మాత్రం మానలేదు.

చాలా ఏళ్ళకి ఒక పెళ్ళికని విశాఖ పోయినప్పుడు పాత ఊళ్ళో సెయింట్ అలోషియస్ బడి వెతుక్కుంటూ పోయాను. సెలవు రోజు, గేటు వేసుంది. వాచ్‌మన్ “ఎవరు కావాల?” అన్నాడు. రామన్ గారు కావాలని చెప్పలేను గదా. కాసేపు నిలబడి సముద్రం గాలి పీల్చుకుని వచ్చేశాను.

ఇక ఇప్పటి సంగతి. తొమ్మిదో పేజీలో నాలుగో నంబరు మా బెంచీ వాడు. సర్వీసులో మంచి పొజిషన్లో ఉన్నాడు, ఎక్కడా ఏమిటీ అని చెప్పడం లేదు. ఫొటో కోసం ఫోన్ చేశాను.

“ఏరా, నీ పేరు పెద్దచ్చరాలతో వేస్తున్నా.”

కొంచెంసేపు చప్పుడు లేదు. “వద్దబ్బయ్యా” అన్నాడు.

“ఏం?”

“మిషను బడి, బోర్డింగు, అమ్మ ఫొటో గుడి ముందర. వాట్సాపుల్లో తిరుగుద్ది. పిల్లల కాయితాలున్నాయి. నీకు తెలీదా?”

నాకు తెలుసు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి పోయిన దళితుడికి ఎస్.సి. హోదా ఉండదు, మన దగ్గర వాళ్ళని బి.సి.-సి అంటారు. మనిషి గుడికి పోతున్నాడా లేదా, ఎప్పుడో చిన్నప్పుడు వాళ్ళమ్మ నెత్తిన నీళ్ళు పోయించిందా లేదా, ఇవన్నీ కాయితం మీదికొస్తే వేరే ప్రశ్నలవుతాయి. వాడి కాయితాలు ఏమిటో నేనడగలేదు. అది తప్పో ఒప్పో తేల్చడానికి నేను కలెక్టర్ని కాను. “సరేలే” అన్నాను. వాడు ఫోన్ పెట్టేసే ముందు అడిగాడు: “రైలు పట్టా ఉందా ఇంకా?”

“లేదురా. కరెంటు బెల్లు.”

“ఎవడమ్మాడో” అన్నాడు.

మర్నాడు కమిటీ కుర్రాణ్ణి ఫాదర్ గారి అసలు కాయితం పంపమన్నాను. ఫొటో తీసి పెట్టాడు. రూళ్ళ కాయితం, మడతల దగ్గర చిరిగింది. ‘మన వాళ్ళు’. రామన్, విశాఖపట్నం. కలామ్, తిరుచ్చి. అజారుద్దీన్, హైదరాబాదు. అడుగున ఇంకో వరస ఉంది, అది ప్రూఫులో లేదు: ‘పి.ఎస్., లయోలా.’

ఫోన్ చేశాను. “చివరిది ఎందుకు వదిలేశారబ్బా?”

“ఎవరో తెలీలేదన్నా. పోలీస్ స్టేషనేమో అనుకున్నాం.”

సుందరయ్య గారిని పార్టీ వాళ్ళు పి.ఎస్. అనేవాళ్ళు. మా ఫాదర్ గారికి ఆ మాట నేర్పగలిగిన మనిషి మా బళ్ళో ఒక్కడే. మేత్రాణుల వారో (బిషప్ గారు) ఎవరో ఫైలు తిరగేస్తే ఇబ్బందని పొడి అక్షరాలు వేశారో, లేక ఆ రెండక్షరాలూ ఆయన నోటికి అట్టాగే అలవాటయ్యాయో, అడగడానికి ఫాదర్ గారు లేరు. తెలుగు మాస్టారు ఉన్నారు, కందుకూరులో కొడుకు దగ్గర. ఎనభై దాటి చాలా ఏళ్ళయింది, చెవి సరిగా వినపడదు. గట్టిగా అరిచి చెప్పాను: కాయితంలో చివర పి.ఎస్. అని ఉంది సార్, లయోలా అని ఉంది, ఫాదర్ గారి రాతే.

“ఏందీ?”

మళ్ళీ చెప్పాను.

“చదువు మధ్యలో మానేసినవాడు ఎట్టా అవుతాడన్నాడు గదరా” అన్నారు. ఆ తర్వాత ఏవో అన్నారు గానీ గొంతు సరిగా వినపడలేదు. కొడుకు ఫోన్ తీసుకుని “నాన్న నిద్రపోవాలన్నా” అన్నాడు.

రామన్‌ని తీసేశాను. కలామ్‌నీ, అజారుద్దీన్‌నీ తీసేశాను. మా బెంచీ వాణ్ణి తీసేశాను. పి.ఎస్.ని వేస్తే మిగతా ముగ్గుర్నీ వేయాలి, వేయలేదు. తొమ్మిదో పేజీ పై భాగం సగం పేజీ దాకా ఖాళీ అయిపోయింది. ఫారం మెషిన్ ఎక్కేది ఆ సాయంత్రమే. కింది వాళ్ళని పైకి జరిపి బొమ్మలు పెద్దవి చేద్దామంటే టెక్సాస్ ఆయన ఫొటో సెల్‌ఫోన్లో తీసింది, పెంచితే మొహం గళ్ళు గళ్ళుగా వచ్చింది. ఆఖరికి వెనక పేజీలకి దాచిన ఒక ప్రకటన తెచ్చి అక్కడ పెట్టాను. నెల్లూరు మలై కాజా, అరపేజీ, మల్టీకలర్. కొట్టు ఓనరు మా బడి వాడే, లెక్కల్లో రెండుసార్లు పోయాడు. సైజు వెంట్రుక తేడా లేకుండా సరిపోయింది. తొమ్మిదో పేజీ పైన వేశానని చెబితే సంబరపడి రెండు కేజీలు పంపించాడు. ఆఖరి ప్రూఫు నేనూ మా కుర్రాళ్ళూ కాజాలు తింటూనే చూశాం. కమిటీకి పంపిన కాపీ మీద నెయ్యి మరకలున్నాయని మళ్ళీ ఫోనొచ్చింది.